‘నాలుగో క్రేన్’ పాటలకు నేను రాసిన ఇంగ్లీషు

మొన్న రష్యన్ చదువుతున్న అమ్మాయిలు ఇద్దరు అనకాపల్లి నుంచి చోడవరం మా ఇంటికి వచ్చారు. అనువాదాన్ని వృత్తిగా పెట్టుకోవాలని వాళ్ళ కోరిక. ఏ నిఘంటువు మంచిది, ఏ పరీక్ష రాయాలి అని అడిగారు. తెలిసింది చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్ళు బస్సెక్కాక, చెప్పాల్సినదేదీ చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇరవై తొమ్మిదేళ్ళు నేను రష్యన్‌ని ఇంగ్లీషులోకీ తెలుగులోకీ మార్చాను. అందులో ఎక్కువ భాగం పంపులు, మోటార్లు, బేరింగుల పుస్తకాలు. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. మధ్యలో, తొంభైలలో కొన్నేళ్ళు, అమెరికాలో బతుకుతున్న ఒక రష్యన్ రాక్ బ్యాండుకి పాటల మాటలు రాశాను. ఆ పని బాగుచేశానో చెడగొట్టానో నాకిప్పటికీ తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్కోసారి ఒక్కోలా అనిపిస్తుంది. వృత్తిలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అక్కడే నేర్చుకున్నాను కనుక, మిగతావి వదిలేసి అదే చెబుతాను.

మైనా

హైదరాబాదులో రష్యన్ చదివి, విశాఖపట్నం దగ్గర కొత్తగా కడుతున్న ఒక పెద్ద కర్మాగారంలో దుబాసీగా చేరాను. సోవియట్ ఇంజనీర్లకీ మనవాళ్ళకీ మధ్య నిలబడి అటుమాట ఇటు, ఇటుమాట అటు చెప్పడం నా పని. కాలేజీలో కవిత్వం బాగా చదివానని నాకు కాస్త గర్వంగా ఉండేది.

మొదటి వారంలోనే ఒక పెద్ద ఇనుప దూలాన్ని క్రేను దించుతోంది. కింద రష్యన్ ఫోర్‌మన్ చెయ్యూపుతూ "మైనా! మైనా!" అని అరుస్తున్నాడు. మన ఫిట్టర్లు నావైపు చూశారు. నాకు పిట్ట తప్ప ఇంకేమీ తట్టలేదు. ఆ పేరుగల మనిషెవరో ఉన్నారేమోనని చుట్టూ చూశాను. అడగడానికి సిగ్గేసింది. దూలం గాలిలో అలాగే వేలాడింది. చివరికి క్రేన్ మీద ఉన్న రష్యన్ కుర్రాడు తల బయటికి పెట్టి, "దించమంటున్నాడు" అని ఇంగ్లీషులో అరిచాడు. రేవుల్లో, క్రేన్ల దగ్గర వాళ్ళు ‘ఎత్తు’కి వీరా అనీ, ‘దించు’కి మైనా అనీ అంటారట. ఏ కవీ ఆ మాట వాడినట్టు నేను చదవలేదు.

మా దుబాసీలకు పెద్ద రామనాథంగారు. ముక్కుసూటి మనిషి. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు, అది ఆయనలో లోపమే. ఆరోజు నన్ను గదిలోకి పిలిచారు.

"తెలీనప్పుడు ఎందుకడగలేదమ్మా?"

"తెలీదంటే చిన్నచూపు చూస్తారేమోనని..."

"తెలీకపోతే అడుగు. తెలుసనుకున్నప్పుడు ఇంకోసారి అడుగు. రెండోదే కష్టం."

మొదటి సగం వెంటనే పట్టుకున్నాను. రెండో సగం ఏదో మాటవరసకి అన్నారనుకున్నాను.

కోస్త్యా

క్రేన్ మీంచి తల బయటికి పెట్టిన కుర్రాడి పేరు కోస్త్యా. నాలుగో నంబరు క్రేనుకి ఎలక్ట్రీషియన్. భోజనాల వేళ షెడ్డు నీడలో కూర్చుని గిటారు వాయించేవాడు. నా పేరు రాజ్యలక్ష్మి అంటే వాళ్ళ నోరు తిరగక "రాయా" అన్నారు. వాళ్ళలో అది ఆడపిల్లల పేరే. మా అత్తగారు మాత్రం ఒకసారి విని, "ఆడమనిషిని పట్టుకుని రాయి, రప్ప అంతారేటమ్మా" అని తెగ నొచ్చుకుంది.

తొంభైల మొదట్లో వాళ్ళ దేశమే ముక్కలైంది. వచ్చిన బృందాలు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. నా పనీ ఆగిపోయింది. మావారు చోడవరం దగ్గర చక్కెర మిల్లులో కెమిస్టు కనుక మేం చోడవరం వచ్చేశాం. నేను ఇంట్లో టైపు మిషను పెట్టుకుని పోస్టులో వచ్చే పుస్తకాలు అనువదించడం మొదలుపెట్టాను.

ఒకరోజు పోస్టుమాన్ ఒక పొట్లం పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఇదేటో సూడండి. స్టాంపేమో అమెరికాది. పేరేమో మన రాతా కాదు, ఇంగిలీసూ కాదు. ఊరొక్కటే ఇంగిలీసులో సోడవరం. ఎవలికివ్వాలో తెలక రెండ్రోజులు ఆఫీసులోనే ఉంచేసేం."

లోపల ఒక కేసెట్టు, ఎనిమిది కాగితాలు, కోస్త్యా ఉత్తరం. ఊరికి తిరిగి వెళ్ళాక లేనా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడట. లేనా తల్లివైపువాళ్ళు యూదులు. వాళ్ళతోపాటు ఇద్దరూ న్యూయార్కు చేరి, బ్రూక్లిన్లో రష్యన్లు ఎక్కువగా ఉండే పేటలో ఉంటున్నారు. ఇంకో ఇద్దరిని కలుపుకుని బ్యాండు పెట్టారు. డ్రమ్ములకి వీత్యా, బేస్ గిటారుకి మీషా, పాడేది లేనా. బ్యాండు పేరు ‘నాలుగో క్రేన్’. రష్యన్ హోటళ్ళలో పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ పాత పాటలు వాయిస్తున్నారు. వాళ్ళకి మాత్రం సొంత పాటలు అమెరికావాళ్ళ ముందు ఇంగ్లీషులో పాడాలని ఉంది.

‘ఇక్కడ ఒకడికి ఇచ్చాం. వాడు మా పేరునే నాలుగో కుళాయి అని పోస్టరు మీద వేయించాడు. నువ్వైతే అలా చెయ్యవు’ అని రాశాడు.

రష్యన్లో క్రేనుకీ కుళాయికీ ఒకటే మాట. ఆ పోస్టరు తల్చుకుని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ అనువాదకుణ్ణి మావారి ముందు ఎన్ని మాటలన్నానో.

గుక్క

ఎనిమిది పాటలూ శ్రద్ధగా, ఒక్క మాట జారకుండా చేసి పంపాను. నెలన్నర తరువాత లేనా జవాబు రాసింది. ‘రాయా, అర్థం అంతా ఉందని కోస్త్యా అంటున్నాడు. కానీ ఇది పాడుతుంటే మోటారు బిగించే విధానం చదువుతున్నట్టుంది.’

నాకు కోపం వచ్చింది. తరువాత భయం వేసింది. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. కేసెట్టు మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆ చప్పుడులో పాట ఎక్కడుందో కూడా నాకు తెలియలేదు. మూడు రోజులు చూసి మావారు, "నీకు మాట తెల్సు, పాట తెలీదు. బాజీ మాస్టార్ని అడగరాదూ?" అన్నారు.

బాజీ మాస్టారు మా వెనక వీధిలో ఉండేవారు. సొంతూరు అనకాపల్లి. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు, ఆ ముఠాకి ఆయనే పెద్ద. రావికమతం నుంచి కె.కోటపాడు దాకా ఆయన ఊదని పెళ్ళి ఉండేది కాదు. ఆయనకి ఇంగ్లీషూ రాదు, రష్యనూ రాదు. మా వరండాలో కూర్చుని టేప్‌రికార్డరుకి చెవి ఆనించి రెండు పాటలు విన్నారు.

"ఈయమ్మ ఏడస్తందా, నవ్వతందా?"

"మాటల్లో అయితే ఏడుపే మాస్టారూ."

"మరి డ్రమ్ముల కుర్రోడు ఎగిరి దుంకతన్నాడు కదమ్మా. ఆడికీ ఈవిడికీ తగువేటి?"

ఆయన నా ఇంగ్లీషు లైను ఒకటి చదవమని, దాని పొడవునా క్లారినెట్ ఊదారు. సగంలో ఆపి ఊపిరి పీల్చుకున్నారు.

"సూసేరా? నాకే గుక్క సాల్లేదు. ఆ పాడే గుంటకెలా సాల్తాది? మాటలు తెంపండి."

"తెంపితే అర్థం పోతుంది."

"కొంత పోనాదనుకోండి. పాడకపోతే అంతా పోతాది కదా."

ఆ తరువాత రెండు నెలలు, పెళ్ళిళ్ళు లేని మధ్యాహ్నాలలో ఆయన వచ్చేవారు. నేను లైను చెప్పడం, ఆయన ఊదడం, గుక్క తప్పితే నేను మాట మార్చడం. లేనాకి ఇంగ్లీషు అంతగా రాదు కనుక ఇంగ్లీషు మాటలన్నీ రష్యన్ లిపిలో రాసి పంపేదాన్ని. అర్థం సంగతి కోస్త్యా చూసుకుంటాడని నా ధీమా. వాడికి ఇంగ్లీషు బాగా వచ్చు.

ఒక పగటి పెళ్ళికి రావికమతం వెళ్తే, ఊరేగింపులో ఎర్రకోట్ల మనుషులు వాయిస్తున్న పాట నాకు బాగా తెలిసినట్టనిపించింది. చూస్తే అది లేనా పాట! జనం చెరుకు బండి అడ్డంవస్తే దాన్ని పక్కకి తోసి మరీ ఎగురుతున్నారు. పెళ్ళికొడుకు మేనమామ, "ఇదే సినిమాది మాస్టారూ?" అని అడిగాడు.

"కొత్తది బాబూ. ఇంకా రిలీజవ్వనేదు" అన్నారు బాజీ మాస్టారు, క్లారినెట్ నోట్లోంచి తియ్యకుండానే అన్నంత తొందరగా.

ఆ సంగతి రాస్తే బ్రూక్లిన్లో నలుగురూ గదిలో ఎగిరారట. సొంత పాటకి జనం ఆడటం వాళ్ళకదే మొదటిసారి. అదీ వాళ్ళు లేనిచోట.

కళ్ళజోడు ఆవిడ

ఆ ఎనిమిదింటిలో ఒకటి చాలా చిన్నపాట. మాటలు కోస్త్యావే. అందులో మూడు లైన్లు ఇలా ఉంటాయి:

కళ్ళజోడు ఆవిడ మా ఇద్దరినీ చూసింది
ముద్ర ఎత్తి కొట్టింది: బ్రాక్
మేం నవ్వుకుంటూ మంచులోకి నడిచాం

కర్మాగారంలో నేను రోజుకి పదిసార్లు విన్న మాట బ్రాక్. సరుకు తనిఖీకి నీనా పెత్రోవ్నా అని ఒక పెద్దావిడ ఉండేది. దళసరి కళ్ళజోడు. ప్రతి విడిభాగాన్నీ తిప్పి చూసి, పనికిరాకపోతే ఎర్రరంగు ముద్ర వేసి "బ్రాక్" అనేది. మనవాళ్ళు దాన్ని ‘రిజెక్టు’ అనేవారు. పాట చదవగానే నాకు ఆవిడ కనబడింది. కోస్త్యా కూడా ఆవిడ ముందు నిలబడినవాడే కదా. తమని తాము పనికిరాని సరుకుగా చెప్పుకుని నవ్వుకుంటూ పోతున్న ఇద్దరు మనుషులు! ఎంత బాగుందనుకున్నాను. ‘మా ఇద్దరి మీదా రిజెక్టు ముద్ర కొట్టింది’ అని ఇంగ్లీషులో రాశాను. గుక్కకి కూడా సరిగ్గా సరిపోయింది.

బ్రాక్ అంటే పెళ్ళి అని కూడా అర్థముందని నాకు తెలియదా? తెలుసు. మొదటి సంవత్సరం పాఠంలోనే ఉంది. వాళ్ళ దేశంలో పెళ్ళంటే రిజిస్ట్రారు ఆఫీసులో ఒకావిడ ముద్ర కొట్టడమేనని కూడా ఎక్కడో చదివాను. కానీ మా పెళ్ళిలో ముద్ర కొట్టినవాళ్ళెవరూ లేరు. ముద్ర అంటే నాకు నీనా పెత్రోవ్నాయే. అర్థం తెలిసిందనుకున్నాను కనుక అడగలేదు.

కోస్త్యా నుంచి ఒక్క వాక్యం వచ్చింది. ‘అద్భుతం రాయా, ఒక్క అక్షరం మార్చొద్దు.’

అమెరికాలో వాళ్ళకి పేరు తెచ్చింది ఆ పాటే. చిన్న చిన్న క్లబ్బులలో జనం ఆ మాట దగ్గర కేకలు వేసేవారట. అక్కడ నవ్వినవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట రిజెక్టయినవాళ్ళే అయుంటారని మీషా రాశాడు. పాటలు రికార్డు చేసే ఒకాయన విని, కంపెనీ తరఫున కేసెట్టు వేద్దాం, ఈ పాటే ముందు పెడదాం అన్నాడు.

ఫోను

మా ఎదురింటి డాక్టరుగారికి ఫోనుండేది. ఒక ఉదయం ఆయన కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, అమెరికా ఫోనండి. ఎవరో ఆడమనిషి. ఏటంతందో తెలీట్లేదు, బేగి రండి!"

లేనా. అంతకుముందు ఎప్పుడూ ఫోనులో మాట్లాడలేదు. ఒక చిన్న రేడియో వాళ్ళు ఇంటర్వ్యూ చేస్తూ, "మిమ్మల్ని ఆవిడ ఎందుకు రిజెక్టు చేసింది, వీసా ఆఫీసా?" అని అడిగారట. లేనాకి ప్రశ్న అర్థంకాలేదు. మీషా పక్కనుంచి ఆ మాటకి అర్థం చెప్పాడట.

"రాయా, అది మా పెళ్ళి పాట" అంది. "మా పెళ్ళిరోజున మంచు పడింది. ఏడాదిగా నేను దాన్ని పెళ్ళిపాటే అనుకుని పాడుతున్నాను. నవ్వుతూ పాడుతున్నాను. జనం ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు."

తనే మళ్ళీ అడిగింది.

"ఆ మాట పెట్టమని కోస్త్యా చెప్పాడా, నువ్వే పెట్టావా?"

నేనే పెట్టానని, ఫ్యాక్టరీ మాట అనుకున్నానని, అడగలేదని చెప్పాను.

"మరి వాడు చదివాడా?"

"చదివాడు."

"ఏమన్నాడు?"

అక్కడ అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేదేమో. అతను గమనించలేదేమో అనవచ్చు. ఈ మాట నేను ఇప్పుడు ఇరవై రకాలుగా చెప్పగలను. అప్పుడు మాత్రం వచ్చిన మాట వచ్చినట్టు అప్పజెప్పే అలవాటే నోట్లోంచి మాట్లాడింది.

"ఒక్క అక్షరం మార్చొద్దన్నాడు."

లైను తెగిందనుకుని నేను రెండుసార్లు "అల్లో" అన్నాను. ఉంది. ఊపిరి వినిపిస్తోంది. తరువాత తనే పెట్టేసింది. కాంపౌండరు, "ఏటమ్మా, ఎవలైనా పోనారా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంటికి వచ్చి స్టవ్ మీద పాలు పెట్టి, పొంగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

రెండు ఉత్తరాలు

తరువాత ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకరు రాసిన సంగతి ఇంకొకరికి తెలియదు.

కోస్త్యా రాశాడు: ‘నీ అనువాదమే సరైనదని లేనాకి చెప్పు. పాటలో ఆ మాట మారిస్తే రికార్డు లేదు. నువ్వు చెబితే నమ్ముతుంది.’

లేనా రాసింది: ‘అది తప్పని, సరైన మాట పెళ్ళి అని కోస్త్యాకి రాయి. కొత్త లైను పంపు. నువ్వు చెబితే వింటాడు.’

వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. రెండు పక్షాలూ మిమ్మల్ని నమ్ముతున్నాయంటే పొంగిపోవద్దు. నేను ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పిచ్చిదానిలా తిరిగాను. ఏది సరైనది? రాసినవాడు ఒప్పుకున్నది సరైనదా? పాడినమనిషి అనుకున్నది సరైనదా? కోస్త్యా రాసేటప్పుడే రెండూ అనుకున్నాడా, నా ఇంగ్లీషు చూశాక అలా అనిపించిందా? అతని కాపురంలో ఉన్నది నేను బయటపెట్టానా, లేనిదాన్ని నేనే పెట్టానా? రామనాథంగారు అప్పటికే రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయనకి రాద్దామనుకుని, ఏమంటారో తెలిసే మానేశాను.

బాజీ మాస్టారికి అంతా చెప్పాను. ఆయన క్లారినెట్ రీడు తుడుచుకుంటూ విన్నారు.

"మా ముఠాలో మొగుడూ పెళ్ళాల్లేరు గానీ, ఇద్దరన్నదమ్ములు ఉన్నారు. పడేవోరు కాదు. ఈడొచ్చి ఆడి మీద, ఆడొచ్చి ఈడి మీద నాకు సెప్పేవోరు. సెవులు తూట్లు పడిపోనాయి."

"ఏం చేశారు?"

"ఇద్దర్నీ ఓసారి కూకోబెట్టి, ఉన్నదేటో ఇద్దరి ముందే సెప్పేసేను. నాకేటి తెలీదో అదీ సెప్పేసేను."

"కలిశారా?"

"లేదమ్మా. ఒకడు రోలుగుంట పోయి కిళ్ళీకొట్టెట్టుకున్నాడు. కానీ నా కాడికి రావడం మానేసేరు."

అంతకంటే మంచి సలహా నాకు దొరకలేదు. ఇద్దరి పేర్లతో ఒకే ఉత్తరం రాశాను. ‘ఆ మాటకి రెండు అర్థాలున్నాయి. నేను ఒకటే తీసుకున్నాను. తెలుసనుకుని అడగలేదు, అది నా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాను. కోస్త్యా, నువ్వు ఏ అర్థంతో రాశావు? జవాబు నాకు వద్దు, లేనాకి చెప్పు.’ కింద రెండు రకాల ఇంగ్లీషు లైన్లూ రాశాను. రెండూ గుక్కకి సరిపోయేలా బాజీ మాస్టారు చూశారు.

ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. పోస్టుమాన్ కనబడితే ముందు నేనే లేదనుకుని తల తిప్పుకునేదాన్ని. చివరికి వీత్యా ఒక కార్డు రాశాడు. కోస్త్యా వేరే గది తీసుకున్నాడు. రికార్డు కంపెనీ ఆయన విసిగి మానుకున్నాడు. అయితే బ్యాండు ఆగలేదు. నలుగురూ ఒకే వ్యానులో ఊళ్ళు తిరుగుతున్నారు. అందులో ఇద్దరు అవసరమైతే తప్ప మాట్లాడుకోరు. ‘ఇప్పుడు మేం అంతకుముందు కంటే బాగా వాయిస్తున్నాం’ అని కూడా రాశాడు. అది సంతోషించాల్సిన వార్తో కాదో నాకు తెలియలేదు. బాజీ మాస్టారికి చదివి వినిపిస్తే, "ఆయ్, అవుతాదవుతాది" అన్నారు. ఏమవుతుందో చెప్పలేదు.

ఒక పేజీ

ఆ దశకం చివరలో లేనా నుంచి కవరొచ్చింది. కేసెట్టు లేదు. ఒక ధ్రువపత్రం నకలు, చిన్న ఉత్తరం.

‘రాయా, ఇది మా పెళ్ళి సర్టిఫికెట్టు. విడాకుల కోర్టుకి ఇంగ్లీషు అనువాదం కావాలి. ఇక్కడ చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నువ్వు చేస్తేనే బాగుంటుందని ఇద్దరం అనుకున్నాం. కోస్త్యాని అడిగాను. రాసేటప్పుడు తనకీ తెలియదన్నాడు. నేను నమ్మాను, కానీ అప్పటికి ఆలస్యమైంది. శనివారం మాకు షో ఉంది, ఆ పాట పాడతాను. ఏ మాటతో పాడతానో స్టేజి ఎక్కాక చూసుకుంటాను.’

సర్టిఫికెట్టు మీద, పైన పెద్ద అక్షరాలతో అదే మాట, బ్రాక్, అచ్చువేసి ఉంది. ఊరు, తేదీ, ఇద్దరి పేర్లు, గుండ్రటి ముద్ర, రిజిస్ట్రారు సంతకం. ఎలా చూసినా అక్కడ దానికి ఒక్కటే అర్థం. ఎవరినీ అడగాల్సిన పని లేదు.

కాగితం మిషనులో పెట్టి పేర్లూ తేదీలూ ముందు కొట్టేశాను. పైన ఆ ఒక్క మాటకి చోటు వదిలి ఉంచాను. మావారు మిల్లు నుంచి వచ్చి, "ఇంకా అవ్వలేదేటి, ఒక్క పేజీయే కదా?" అన్నారు. అవుతోందన్నాను.

నా ఉద్యోగ జీవితంలో ఏ సందేహమూ లేకుండా చేసిన అనువాదం అదొక్కటే. అంత పొద్దు నాకు మరే పేజీకీ పట్టలేదు.